ముగ్గురం దిగినాము

సోమవారం పగలు పదకొండు గంటల నాలుగు నిమిషాలకు చిక్కపేటలో సుధీర్‌ను చంపారు.

చంపినట్టు అక్కడ ఎవరికీ తెలియలేదు. చీరల మూటలతో నిండిన తోపుడు బండి ఒకటి మెట్రో మెట్ల దగ్గర ఇరుక్కుపోయింది. వెనక నుంచి హమాలీలు దారి అడుగుతూ అరుస్తున్నారు. ఆ తోపులాటలో ఎవరో సుధీర్ మెడ మీద స్నేహంగా చెయ్యి వేసి, తీసి, ముందుకు వెళ్ళిపోయారు. అతను రెండడుగులు నడిచాడు. బండి చక్రం పట్టుకున్నాడు. మెల్లగా కూర్చున్నాడు. ఇక లేవలేదు.

"ఎండదెబ్బప్పా! ఎవురన్నా నీళ్ళు తీసుకురాండి!" అని ఒక హమాలీ కేకేశాడు.

పది అడుగుల దూరంలో జాకెట్టు గుడ్డలు చూస్తున్న నళిని కదల్లేదు. మన మనిషి పడిపోతే దగ్గరికి పోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఏడవకూడదు. అది వాళ్ళ గూఢచారి విభాగం నియమం. ఆ నియమం రాసినవాడు ఎవడో గానీ, తన పక్కన పని చేసినవాడు మురుగు కాలువ అంచున కూర్చుని చచ్చిపోతుంటే చూసి ఉండడు.

"ఈ రంగు పోతుందా?" అని ఆమె కొట్టువాణ్ణి అడిగింది. తన గొంతు మామూలుగానే ఉండటం విని తన మీదే అసహ్యం వేసింది.

"పోదమ్మా, గ్యారంటీ."

కూర్చునే ముందు సుధీర్ తన చేతి సంచిని కాలితో బండి కిందికి తోశాడు. అలాంటి సంచే నళిని దగ్గరా ఉంది. జనం మూగారు. ఆమె వాళ్ళ మధ్య నుంచి వెళుతూ, వంగి, తనది అక్కడ పెట్టి అతనిది తీసుకుంది. మెట్రో మెట్లు దిగేటప్పుడు గానీ పళ్ళు ఎంత గట్టిగా కొరుక్కుంటోందో ఆమెకు తెలియలేదు.

*

హొసకోటెలో ఒక పైపుల గోడౌన్ వెనక చిన్న గది. బయట లారీలు వెనక్కి తీస్తున్న చప్పుడు. లోపల మార్త.

నళినికి పై అధికారి ఆమె. గుంటూరు మనిషి, యాభై దాటాయి. కోపం వస్తే గొంతు తగ్గిస్తుంది. ఆ మధ్యాహ్నం ఆమె మాటలు వినడానికి నళిని బల్ల మీదికి వంగాల్సి వచ్చింది.

సుధీర్ సంచిలోని జాకెట్టు గుడ్డ మడతలో రెండు దొరికాయి. బొటనవేలి గోరంత సర్క్యూట్ కార్డు ఒకటి. అతని చేతిరాతలో ఒక చీటీ: దీని జంట ఇంకా లోపలే ఉంది.

"ల్యాబ్ వాళ్ళు చూశారు," అంది మార్త. "కంట్రోల్ రూమ్ పరికరాల్లో పెట్టే కమ్యూనికేషన్ కార్డు ఇది. పైకి మామూలుదే. లోపల దొంగ తాళం చెవి ఉంది. అది ఉన్నవాడు ఏ దేశంలోనైనా కూర్చుని మన కంట్రోల్ రూమ్ పేరుతో ఆర్డర్ ఇవ్వగలడు. మనవాళ్ళు క్యాన్సిల్ నొక్కినా ఆ నొక్కుడు ఎక్కడికీ పోదు."

"డీజిల్ క్లబ్ పనేనా మేడమ్?"

"ఇంకెవరు?"

ఆ నేరగాళ్ళకు విభాగం పెట్టిన పేరు అది. సముద్రాల్లోని చిన్న చిన్న దీవులకు ఓడల్లో డీజిల్ అమ్ముకునే విదేశీ ముఠా. ఏ దీవిలో సొంతంగా కరెంటు మొదలైనా అక్కడ ఒక ప్రమాదం జరుగుతుంది. మనుషులు చస్తారు. ప్రాజెక్టు ఆగిపోతుంది. తర్వాత ఆ ముఠావాళ్ళే సూట్లు వేసుకుని, మేము సురక్షితంగా నడుపుతాం, యాభై ఏళ్ళకు మాకు రాసివ్వండి అంటూ దిగుతారు.

ఈసారి వాళ్ళ కన్ను శంఖు దీవుల మీద పడింది. బంగాళాఖాతంలో ఐదు చిన్న దీవులు. గాలి వీచే దీవిలో మనుషులు లేరు. మనుషులున్న దీవిలో గాలి లేదు. ఒకదాని మీద గాలిమరలు, ఒకదాని మీద సోలార్ పలకలు, ఒకదాని మీద బ్యాటరీ యార్డ్ కట్టి, సముద్రం అడుగున కేబుల్ వేసి కలిపారు. ఏ క్షణం ఏ దీవి నుంచి ఎంత కరెంటు తీయాలో స్మార్ట్ గ్రిడ్ చూసుకుంటుంది. దాన్ని నడిపే కంట్రోల్ రూమ్ బెంగళూరులో, కె.ఆర్.పురంలో ఉంది. అంతకు ముందు తుఫాను వస్తే డీజిల్ ఓడ వచ్చేది కాదు. ఆసుపత్రి ఫ్రిజ్‌లో పిల్లల టీకాలు పాడైపోయేవి.

"రేపు మూడింటికి ప్రారంభం. ఆపించమని పైకి రాశాను," అంది మార్త. "విదేశీ అతిథులు దిగేశారు, టీవీవాళ్ళు వచ్చేశారు, ఇప్పుడెలా ఆపుతాం అన్నారు. సహన చెప్పినదాన్ని బట్టి జాగ్రత్తలు తీసుకోమన్నారు."

"సహన ఏం చెప్పింది?"

"సాయంత్రం ఐదింటికి, బ్యాటరీ యార్డ్ మీద దాడి అట. కమాండోలను అక్కడికి పంపేశారు."

సహన రెండేళ్ళుగా ఆ ముఠాలో ఉన్న మన మనిషి. పైకి గ్రిడ్ కన్సల్టెంట్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. విభాగం తమ మనిషి అనుకుంటుంది.

"సుధీర్ ఇవాళ చిక్కపేటకు వస్తాడని ఎవరెవరికి తెలుసు మేడమ్?"

మార్త వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "నాకు. నీకు. సహనకు."

"అయితే ఇంకేం కావాలి?"

"సాక్ష్యం కావాలి. పైన ఆమె అంటే చాలా నమ్మకం. నువ్వు ఆ రెండో కార్డు వెతుకు. దొరికితే రేపటిది నేనే ఆపిస్తాను, ఉద్యోగం పోయినా సరే." మార్త గొంతు ఇంకా తగ్గింది. "ఇప్పుడు నేను సుధీర్ ఇంటికి వెళ్ళాలి. ఎండదెబ్బ అని చెప్పాలట. అదీ ఆర్డరే."

*

కంట్రోల్ సెంటర్ మూడో అంతస్తులో నళిని అప్పటికి తొమ్మిది రోజులుగా నేల తుడుస్తోంది.

బూడిద రంగు యూనిఫాం, మెడలో కార్డు, చేతిలో మాప్, బకెట్. ఇంతకంటే మంచి మారువేషం ఏ దేశపు గూఢచారీ కనిపెట్టలేదు. ఆమె పక్కన ఉండగానే ఇంజనీర్లు పాస్‌వర్డ్‌లు పైకి చెప్పుకునేవారు. కాళ్ళెత్తి కుర్చీ మీద పెట్టుకునేవారే తప్ప, తుడుస్తున్న మనిషి ముఖం ఒక్కరూ చూసేవారు కాదు. మొదటి రోజు అది సౌకర్యంగా ఉంది. తొమ్మిదో రోజుకు ఒళ్ళు మండిపోతోంది.

మాప్ కర్ర విభాగం తయారు చేసింది. దొంగ సిగ్నల్ పంపే పరికరం దగ్గరలో పని చేస్తుంటే కర్ర పిడి అరచేతిలో సన్నగా వణుకుతుంది. నళిని అన్ని గదులూ తుడిచింది. ఎక్కడా వణకలేదు. మిగిలింది లింక్ రూమ్ ఒక్కటే. దీవులకు వెళ్ళే ఫైబర్ తీగలు మొదలయ్యే అద్దాల గది అది. హౌస్‌కీపింగ్‌కు అందులోకి ప్రవేశం లేదు.

కంట్రోల్ రూమ్‌లో ఆ తుడిచే మనిషికి ముఖం ఉందని గమనించినవాడు అంజినప్ప ఒక్కడే. హొసకోటె పక్క పల్లె. ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేసి, మోకాళ్ళు పోయాక ఎల్‌సి బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఎల్‌సి అంటే లైన్ క్లియర్. లైన్ మీద చెయ్యి పెట్టే ముందు లైన్‌మన్ ఫోన్ చేసి, కరెంటు ఆపినట్టు మాట తీసుకుంటాడు. పని అయ్యాక అదే మనిషి, అదే గొంతుతో, ఎంతమంది ఎక్కారో అంతమందీ దిగారని చెప్పి ఎల్‌సి తిరిగి ఇవ్వాలి. అతని తరఫున ఇంకెవరూ ఇవ్వకూడదు. అప్పటిదాకా దేవుడొచ్చి అడిగినా కరెంటు వదలకూడదు.

"అంజినప్పగారూ, యాప్‌లో టిక్ కొడితే చాలదా? ఈ రిజిస్టర్ మ్యూజియంలో పెట్టే పీస్ సార్," అన్నాడు షిఫ్ట్ ఇంజనీర్ హేమంత్‌కుమార్, మంగళవారం పొద్దున.

"నీ యాప్‌కి షాక్ కొడతాదా అప్పా?"

"కొట్టదు."

"మనిషికి కొడతాది. అందుకే మనిషి గొంతు వింటా, చేత్తో రాస్తా. నువ్వు సుమ్మనే కూర్చో." అని నళిని వైపు తిరిగి, "ఏం పాపా, టిఫిన్ తిన్నావా? ముఖం అట్లుండాది?"

"తిన్నానన్నా."

"అబద్దం. ఆ డబ్బాలో చిత్రాన్నం ఉండాది. తినిపో."

పన్నెండూ ఇరవైకి బల్ల మీది ఫోన్ మోగింది. స్పీకర్‌లో గాలి హోరు, దాని వెనక ఒక మగ గొంతు.

"అన్నా, మునీంద్ర."

మునీంద్రది ముళబాగిలు. పదకొండు నెలలుగా శంఖు దీవుల్లో లైన్‌మన్.

"చెప్పరా. సముద్రం నీళ్ళు పడినాయా నీకి?"

"యాడ పడతాయన్నా. మూడు పూటలా చేపలే. మా ఊరి టమాటా చట్నీ కళ్ళల్లోనే ఉండాది. సరే విను. కేబులు ఒడ్డుకొచ్చే చోట జాయింట్‌లోకి నీళ్ళు పోయినాయి. ఎవుడో మూత కదిలించినట్టు ఉండాది. ఎనిమిది అడుగుల గుంత, లోపల మోకాలు లోతు ఉప్పునీళ్ళు. మళ్ళా సీల్ చేయల్ల. ఎల్‌సి ఇయ్యి. నేను, ఈడి మనుషులు ఇద్దురు. ముగ్గురం దిగతా ఉండాము."

అంజినప్ప నవ్వాడు. "ముప్పై ఏండ్ల సర్వీసులో, దిగతానని ఎల్‌సి అడిగిన లైన్‌మన్‌ను నిన్నే చూసినా రా! రాసినా. పన్నెండూ ఇరవై. ముగ్గురు. మూడింటికి ఫంక్షను, ఈడ కోట్లు తొడుక్కోనొచ్చి కూర్చోనుండారు. అట్లని తొందర పడొద్దు."

"పడను. ఫోను నువ్వే ఎత్తల్ల. ఆ ఇంగ్లీషు సార్లకి ఇయ్యొద్దు."

"సార్, నేను వింటున్నాను," అన్నాడు హేమంత్.

"వినల్లనే చెప్పినా సార్," అని మునీంద్ర పెట్టేశాడు.

అందరూ నవ్వారు. నళిని నవ్వలేదు. మాప్ పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆమె తండ్రి పెద్దమునియప్ప కూడా లైన్‌మనే. చింతామణి పక్కన వాళ్ళ ఊరు. ఆమె ఏడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన ఎల్‌సి తీసుకుని స్తంభం ఎక్కాడు. పిండిమర నడవాలని తొందరపడిన ఒక పెద్దమనిషి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, మునియప్ప దిగినాడు, లైను వదలండి అన్నాడు. వదిలారు. బడిలో ఆగి ఉన్న ఫ్యాన్ తిరిగింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నళిని కూడా కొట్టింది.

ఆ చప్పట్లు కొట్టిన చేతుల్ని ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

*

ఒకటిన్నరకు వాష్‌రూమ్‌లో సహన అద్దం ముందు నిలబడి ఉంది. ముదురాకుపచ్చ ఇల్కల్ చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు, చెవులకు వెండి. ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళకు మాట తడబడేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"ఈ కుళాయిలో నీళ్ళు ఎందుకు రావడం లేదు?" అంది.

"పైన ట్యాంక్ కడుగుతున్నారు మేడమ్," అంది నళిని.

కోడ్ సరిపోయింది. సహన తలుపు గడియ వేసింది.

"సుధీర్ సంగతి విన్నాను. నిద్ర పట్టలేదు," అంది. కళ్ళ కింద కాటుక గీత వెంట్రుకవాసి కూడా చెదరలేదు. "ఐదింటికే, నళినీ. బ్యాటరీ యార్డ్. ఇక్కడ ఏమీ జరగదు. కార్డు కోసం తిరిగి అనుమానం తెప్పించకు. మూడింటికి కింది అంతస్తుకు వెళ్ళిపో."

"కింద తుడవడం అయిపోయింది మేడమ్."

"నీ మంచికే చెబుతున్నా."

నళిని బకెట్‌లోకి మాప్ పిండింది. చాలా గట్టిగా పిండింది.

*

రెండూ నలభై ఎనిమిది.

గాజు గోడ వెనక గ్యాలరీలో అతిథులు కూర్చున్నారు. ముందు వరుసలో సహన. ఆమె పక్కన ప్రాజెక్ట్ డైరెక్టర్. అతను పదే పదే కిందికి వచ్చి, "ఆ జాయింట్ పని ఇంకా అవలేదా? ముగ్గురు మనుషుల కోసం మూడు దేశాలవాళ్ళు వెయిట్ చేయాలా?" అంటున్నాడు.

"చెయ్యల్ల," అన్నాడు అంజినప్ప, తలెత్తకుండా.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో అదే గాలి. అదే గొంతు.

"అన్నా, మునీంద్ర. పని అయింది. ముగ్గురం ఎక్కినాము, ముగ్గురం దిగినాము. లైను తీసుకోండి."

"అబ్బ, బతికించినావు," అన్నాడు డైరెక్టర్ అందరికంటే ముందు.

అంజినప్ప టైమ్ రాశాడు. రిజిస్టర్ మీద సంతకం పెట్టి, యంత్రం మీద వేలు ఆనించాడు. తెర మీద పచ్చ గుర్తు వచ్చింది. హేమంత్ బటన్ నొక్కాడు.

"చార్జింగ్ సీక్వెన్స్ స్టార్ట్. వన్ ఎయిటీ సెకండ్స్." లెక్క పూర్తయితే కేబుల్‌లోకి కరెంటు.

గ్యాలరీలో చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లకు నళిని చేతిలో మాప్ ఆగిపోయింది. ఫోన్‌లో విన్న మాటలు మళ్ళీ చెవిలో తిరిగాయి. ఎక్కినాము, దిగినాము. చిన్నప్పుడు తండ్రి నోట రోజూ విన్న మాటలు. ఎక్కడం, దిగడం. స్తంభం ఎక్కడం, స్తంభం దిగడం.

"అన్నా!" ఆమె అరిచింది. తొమ్మిది రోజుల్లో ఆమె గొంతు ఆ గదిలో పెద్దగా వినిపించడం అదే మొదలు. "ఈ పొద్దు వాళ్ళు ఎక్కలేదు! స్తంభం కాదు, గుంత! ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. ఎక్కినాము, దిగినాము అంటే ఎట్లా కుదురుతాది? దిగి ఉంటే ఇంకా లోపలే ఉండారు!"

హేమంత్ చిరాగ్గా చూశాడు. "ఏయ్, హౌస్‌కీపింగ్, ప్లీజ్. అలవాటులో అని ఉంటాడు."

కానీ అంజినప్ప ముఖం తెల్లబోయింది. "మునీంద్ర అట్లనడు. ఇందాక వాడే చెప్పినాడు, దిగతా ఉండాము అని." లేచి నిలబడ్డాడు. "ఆపప్పా! హేమంతూ, ఆపు!"

హేమంత్ క్యాన్సిల్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అతని మెడ మీద చెమట పట్టింది. "తీసుకోవడం లేదు సార్. నొక్కుతున్నా, పోవడం లేదు."

నూట నలభై.

అంజినప్ప దీవికి ఫోన్ చేశాడు. మూగది. ఒడ్డున ఉన్న ఆఫీసుకు చేశాడు. మూగది.

నళిని చెవిలోని చిన్న రిసీవర్‌లో మార్త గొంతు పలికింది. "నళినీ, ఏమైంది?"

"ఐదింటికి కాదు మేడమ్. ఇప్పుడే. బ్యాటరీ యార్డ్ కాదు, గుంతలో ఉన్న ముగ్గురు. టీవీ ముందు కాల్చేస్తున్నారు."

"క్యాన్సిల్?"

"చచ్చింది."

నూట పది.

"పాపా!" అంజినప్ప కుంటుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె ఎవరని అడగలేదు. "ఆర్డరు ఇంకా పోలేదు. లెక్క అయిపోయినాకనే ఈడి నుంచి పోతాది. తీగ లేకుంటే పోలేదు. లింక్ రూమ్‌లో రెండు పసుపు తీగలు, ఒకటి మెయిను, ఒకటి స్టాండ్‌బై. రెండూ పీకెయ్యి. నా కాళ్ళతో నేను పోలేను."

నళిని పరిగెత్తింది. మలుపు తిరిగేసరికి మాప్ కర్ర అరచేతిలో వణకడం మొదలైంది. లింక్ రూమ్ దగ్గరికి వచ్చేకొద్దీ అది పట్టుకోలేనంతగా కొట్టుకుంటోంది. రెండో కార్డు లోపలే ఉంది. ఇప్పుడే నిద్ర లేచింది.

అద్దం తలుపు ముందు సహన నిలబడి ఉంది. చేతిలో పెన్ను. పెన్ను మొనకు సూది.

"కిందికి వెళ్ళిపొమ్మన్నాను కదా," అంది.

"సుధీర్ మెడ మీద చెయ్యి నీదే."

"అతను చాలా మంచివాడు. మంచివాళ్ళు త్వరగా నమ్ముతారు." సహన గొంతులో తొందర లేదు. ఆమెకు కావలసింది ఒక్క నిమిషం. "ముగ్గురు, నళినీ. ముగ్గురే. రోజూ ఈ దేశంలో ఎంతమంది లైన్‌మన్లు చచ్చిపోతున్నారు? ఎవరైనా వాళ్ళ పేర్లు అడిగారా? ఈ ముగ్గురి చావుకైనా ఒక విలువ ఉంటుంది."

అంతవరకు నళిని కోపాన్ని పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. అక్కడ వదిలేసింది.

దారి తుడిచి గోడ పక్కన పెట్టిన బకెట్ అందుకుంది. బకెట్‌లోని ఫినాయిల్ నీళ్ళన్నీ సహన కాళ్ళ ముందు పోసింది. సహన నవ్వుతూ ముందుకు అడుగు వేసింది. హీల్స్ చెప్పు జారింది. సూది గాలిలో గీత గీసి నళిని చేతి పక్కనుంచి పోయింది. మాప్ కర్ర సహన మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడైంది. పెన్ను నేల మీద దొర్లింది.

యాభై.

తలుపు కార్డు అడుగుతోంది. నళిని కార్డుకు ఎర్ర దీపం. గోడకున్న మంటలార్పే సిలిండర్ తీసి అద్దం మీద వేసింది. మొదటి దెబ్బకు బీట పడింది. రెండో దెబ్బకు సాలెగూడులా చీలింది.

"ముప్పై!" ఎక్కడి నుంచో హేమంత్ ఏడుపు గొంతు.

మూడో దెబ్బకు అద్దం కూలింది. నళిని గాజు అంచుల మధ్య నుంచి చేతులు దూర్చి లోపలికి పాకింది. నాలుగు ర్యాక్‌లు. వందల తీగలు. నీలం, బూడిద, నలుపు. పసుపు ఒకటి కనిపించింది. పీకింది.

రెండోది లేదు.

"పద్దెనిమిది!"

సహన ఆమె కాలు పట్టుకుంది. నళిని రెండో కాలితో తన్నింది. చూసి కాదు, లెక్కపెట్టి కాదు. బడిలో తిరిగిన ఆ ఫ్యాన్‌ను తన్నినట్టు తన్నింది. పట్టు సడలింది. ఆమె ర్యాక్ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. గోరంత కార్డు ఒకటి వేలికి వేడిగా తగిలింది. దాని పక్కనే సన్నటి తీగ. ఏ రంగో కనిపించలేదు. కనిపించే దాకా ఆగే టైమ్ లేదు. కార్డునూ తీగనూ కలిపి గుప్పిట పట్టి లాగింది.

కంట్రోల్ రూమ్‌లోని పెద్ద తెర నల్లగా మారింది. అంకె రెండు దగ్గర ఆగింది.

గుప్పిట విప్పి చూసుకుంది. తీగ పసుపే.

*

పదకొండు నిమిషాల పాటు ఎవరికీ ఏమీ తెలియలేదు. అంజినప్ప రిజిస్టర్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. హేమంత్ అతని కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పుస్తకం గురించి ఒక్క మాట అనలేదు.

చివరికి, మార్త గుంత దగ్గరికి పరిగెత్తించిన కోస్ట్ గార్డ్ శాటిలైట్ ఫోన్ నుంచి కాల్ వచ్చింది.

"యాడికి పోయినారన్నా అందురూ?" మునీంద్ర గొంతులో విసుగు. "ఫోన్లన్నీ సచ్చినాయి. ఎవురో తుపాకులోళ్ళు వచ్చి గుంతలో నుంచి రాండి, రాండి అంటా లాగతా ఉండారు. ఇంగా అర్ధగంట పని ఉండాది నాకు."

అంజినప్ప కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అన్నా? ఉండావా?"

"ఉండా రా, దరిద్రుడా," అన్నాడు అంజినప్ప. "ఉండా. నిదానంగా చెయ్యి. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ. ఎవుడు తొందర పెట్టినా నా పేరు చెప్పు."

ఎలా చేశారో హేమంత్ తర్వాత లాగ్‌లలో పట్టుకున్నాడు. మునీంద్ర పదకొండు నెలల ఎల్‌సి కాల్స్ రికార్డులను ముఠా దొంగిలించింది. వాటితో ఒక యంత్రానికి అతని గొంతు నేర్పింది. గాలి హోరుతో సహా అన్నీ సరిగ్గా నేర్చుకుంది అది. కానీ ఆ పదకొండు నెలల్లో మునీంద్ర రోజూ స్తంభాలే ఎక్కాడు. గుంతలోకి దిగి ఎల్‌సి తిరిగి ఇచ్చిన కాల్ ఒక్కటీ లేదు.

మార్త మనుషులు సహనను వెనక లిఫ్ట్‌లో తీసుకెళ్ళారు. ఆమె మణికట్టుకు ఎవరో మర్యాదగా కర్చీఫ్ కట్టారు. నళిని చేతుల్లో ఏడుచోట్ల గాజు దిగింది. ఆమె కర్చీఫ్ ఆమే కట్టుకుంది.

"అంబులెన్స్ కింద ఉంది," చెవిలో మార్త అంది. గొంతు మామూలు స్థాయికి వచ్చింది. "సుధీర్ భార్యకు ఇప్పుడు నిజం చెప్పబోతున్నాను. ఆర్డర్ ఏదైనా సరే."

"నేనూ వస్తాను మేడమ్."

లింక్ రూమ్ ముందు నేల మీద కూర్చున్న నళిని లేచింది. అప్పుడే గ్యాలరీ మెట్ల మీది నుంచి ప్రాజెక్ట్ డైరెక్టర్ దిగాడు. వెనక ఇద్దరు విదేశీ అతిథులు. సాంకేతిక కారణాల వల్ల చిన్న ఆలస్యం అని ఇంగ్లీషులో వాళ్ళకు చెబుతున్నాడు. నేల మీది గాజు చూసి ఆగాడు. బూడిద రంగు యూనిఫాం చూశాడు. ముఖం చూడలేదు. రక్తమూ చూడలేదు.

"ఏమ్మా, ఏంటిదంతా? గెస్టులు ఈ దారినే టీకి వెళ్ళాలి. క్విక్‌గా క్లీన్ చెయ్."

నళిని అతన్ని ఒక క్షణం చూసింది. మూలకు వెళ్ళి చీపురు, చేట తెచ్చింది. రెండూ అతని చేతుల్లో పెట్టింది.

"మూలల్లో కూడా ఊడ్వండి సార్," అంది. "సూపర్‌వైజర్ వచ్చి చూస్తుంది."